సెకనుకు 62 దగ్గర ఆగిన రోబో: యూఎస్‌బీ సీరియల్ లేటెన్సీ టైమర్‌పై అవగాహన

ఎంబెడెడ్ సిస్టమ్స్ | బీటెక్, డిప్లొమా ప్రాక్టికల్స్, వైవా, క్యాంపస్ ఇంటర్వ్యూలకు

ప్రశ్న ఎక్కడ పుట్టింది?

విశాఖ మధురవాడలో కొండ మీద ఐటీ టవర్లు, కింద హైవే పొడవునా కాలేజీలు. సాయంత్రం కార్‌షెడ్ దగ్గరా కొమ్మాది దగ్గరా బ్యాగులు తగిలించుకుని షేర్ ఆటోల కోసం నిలబడే పిల్లల్లో చాలామందికి ఏదో ఒక ల్యాబ్ రికార్డు బాకీ ఉంటుంది. ఆ కాలేజీల్లో ఒకదాంట్లో కొన్నాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టులు చూశాను. ఒక బ్యాచ్‌లో నలుగురు కలిసి రెండు చక్రాల మీద నిలబడే రోబో తయారుచేశారు. ఎంత వంగిందో కొలిచే సెన్సర్ బోర్డు మీద, నిలబెట్టే లెక్క లాప్‌టాప్‌లో. మధ్యలో ఒక యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్. లాప్‌టాప్ 6 బైట్లు పంపి వంపెంతో అడుగుతుంది, బోర్డు 8 బైట్లలో జవాబిస్తుంది. బాడ్ రేటు 1,15,200.

కాగితం మీద లెక్కేస్తే సెకనుకు 300 సార్లయినా అడగొచ్చు. తెర మీద కౌంటరు మాత్రం 62 దగ్గర ఆగింది. అప్పుడప్పుడు 63. రోబో ముందుకు తూలి, వెనక్కి తూలి, బల్ల అంచుదాకా వెళ్లి పడిపోయేది.

“ఏటి సార్ ఇది? కోడంతా తిరగరాసినా అదే 62 వస్తంది” అన్నాడు తగరపువలస నుంచి వచ్చే కుర్రాడు. వాళ్లు చేయనిది లేదు. పైథాన్ వదిలి సీలో రాశారు. బాడ్ రేటు 9,21,600కు పెంచారు. ఇంకో లాప్‌టాప్ తెచ్చారు. అయినా 62.

ఏం మార్చినా కదలని అంకె కనిపిస్తే, అది యంత్రం చేతగానితనం కాదు, ఎక్కడో ఎవరో రాసిపెట్టిన అంకె అని అనుమానించాలి. 1000 మిల్లీసెకన్లను 62.5తో భాగించండి. 16 వస్తుంది. ఆ 16 ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో, ఎప్పుడు మార్చాలో ఇక్కడ చూద్దాం. ఎప్పుడు మార్చనక్కర్లేదో కూడా చూద్దాం. ఇంటర్వ్యూల్లో తడబడేది అక్కడే.

తీగ మీద పట్టే సమయం

ముందు సులువైన లెక్క. సీరియల్ తీగ మీద బిట్లు ఒకదాని వెనక ఒకటి వెళతాయి. 8ఎన్1 అంటే డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1. వీటికి ముందు స్టార్ట్ బిట్ 1. మొత్తం 10. అందుకని సెకనుకు ఎన్ని బైట్లో తెలియాలంటే బాడ్ రేటును 10తో భాగించాలి. 8తో భాగించి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

9,600 దగ్గర సెకనుకు 960 బైట్లు, ఒక్కో బైటుకు 1.04 మిల్లీసెకను. 1,15,200 దగ్గర సెకనుకు 11,520 బైట్లు, ఒక్కో బైటుకు 86.8 మైక్రోసెకన్లు. మన రోబో ప్రశ్నా జవాబూ కలిపి 14 బైట్లు, అంటే తీగ మీద సుమారు 1.2 మిల్లీసెకన్లు. బోర్డు ఆలోచించుకునే సమయం, యూఎస్‌బీ మీద రానూపోనూ పట్టేది కలుపుకున్నా 3 మిల్లీసెకన్లు దాటకూడదు. మిగతా 13 ఎవరు తింటున్నారు?

అడగందే అమ్మయినా పెట్టదు

పాత కంప్యూటర్ వెనక ఉండే కామ్ పోర్టు మదర్‌బోర్డు మీద చిప్‌కు నేరుగా కలిసి ఉండేది. బైటు రాగానే చిప్ ప్రాసెసర్ తలుపు తట్టేది, దాన్నే ఇంటరప్ట్ అంటాం. యూఎస్‌బీలో ఆ చనువు లేదు. 1996 జనవరిలో వచ్చిన యూఎస్‌బీ 1.0లోనే నియమం ఖాయమైంది: మాట్లాడే హక్కు హోస్ట్‌ది, అంటే కంప్యూటర్‌ది. పరికరం తనంతట తాను నోరు విప్పదు. హోస్ట్ ‘ఇన్’ టోకెన్ పంపి “ఏమైనా ఉందా?” అని అడగాలి. ఉంటే డేటా ఇస్తుంది, లేకపోతే ‘నాక్’ అని ఊరుకుంటుంది. (యూఎస్‌బీ రూపశిల్పుల్లో ముఖ్యుడిగా పేరొందిన ఇంటెల్ ఇంజినీరు అజయ్ భట్ బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. జనరల్ నాలెడ్జ్ బిట్‌గా ఇది అడుగుతుంటారు.)

ఫుల్ స్పీడ్, అంటే సెకనుకు 12 మెగాబిట్ల వేగంలో కాలాన్ని 1 మిల్లీసెకను ఫ్రేములుగా కోస్తారు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 హై స్పీడ్ 480 మెగాబిట్లు, అందులో 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేములు. ట్రాన్స్‌ఫర్లు నాలుగు రకాలు: కంట్రోల్, ఇంటరప్ట్, బల్క్, ఐసోక్రోనస్. సీరియల్ కన్వర్టర్లు డేటాకు వాడేది బల్క్. బల్క్‌లో డేటా తప్పులేకుండా చేరుతుందన్న హామీ ఉంది, ఎప్పటికి చేరుతుందన్న హామీ లేదు. ఒక్కో బల్క్ ప్యాకెట్‌లో గరిష్ఠంగా ఫుల్ స్పీడ్‌లో 64 బైట్లు, హై స్పీడ్‌లో 512.

ఇక్కడో కొంటె ప్రశ్న వేస్తారు: “యూఎస్‌బీ ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫర్‌లో పరికరం హోస్ట్‌కు ఇంటరప్ట్ ఇస్తుంది: ఒప్పా, తప్పా?” తప్పు. అక్కడా హోస్టే అడుగుతుంది. కాకపోతే క్రమం తప్పకుండా అడుగుతుంది. పేరు చూసి మోసపోవద్దు.

షేర్ ఆటో సూత్రం

ఇప్పుడు అసలు విషయం. కన్వర్టర్ చిప్‌లోకి బోర్డు వైపు నుంచి బైట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. హోస్ట్ అడిగిన ప్రతిసారీ ఒక్కో బైటును ప్యాకెట్‌లో పెట్టి పంపడం దండగ. అలాగని 64 నిండేదాకా ఆగితే, 8 బైట్ల జవాబు ఎప్పటికీ కదలదు.

మధురవాడ నుంచి మద్దిలపాలెం వెళ్లే షేర్ ఆటో డ్రైవరుదీ ఇదే ఇబ్బంది. సీట్లు నిండితే వెంటనే కదులుతాడు. నిండకపోతే కాసేపు చూస్తాడు, ఓపిక అయిపోయాక ఉన్నవాళ్లతోనే బయల్దేరతాడు. ఆ ఓపికకు చిప్‌లో పెట్టిన పేరు లేటెన్సీ టైమర్.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో కేంద్రంగా 1992లో మొదలైన ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్‌లలో ఈ టైమర్ అందరికీ బాగా తెలిసినది. ఎఫ్‌టీ232ఆర్ చిప్‌లో మామూలుగా ఉండే విలువ 16 మిల్లీసెకన్లు. దీన్ని గరిష్ఠంగా 255 దాకా పెంచొచ్చు, విండోస్, లినక్స్ డ్రైవర్లలో 1 దాకా తగ్గించొచ్చు. ఈ కుటుంబంలో మొదటి తరమైన ఎఫ్‌టీ8యూ232ఏఎంలో అది మార్చడానికి వీల్లేకుండా 16 దగ్గరే బిగించి ఉండేది.

ఈ ఆటోలో సీట్లు 64 అయినా ప్రయాణికులకు దక్కేవి 62. ముందు రెండు సీట్లు డ్రైవర్‌కీ క్లీనర్‌కీ రిజర్వు. ఎఫ్‌టీడీఐ చిప్ ప్రతి ప్యాకెట్ మొదట్లో 2 స్టేటస్ బైట్లు పెడుతుంది: ఒకటి మోడెమ్ స్టేటస్, మరొకటి లైన్ స్టేటస్. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వాటిని వేరుచేసి డేటాను మాత్రమే మన ప్రోగ్రామ్‌కు ఇస్తుంది. ప్రయాణికులు ఒక్కరూ లేకపోయినా టైమర్ అయిపోగానే ఆ 2 బైట్లతో ఖాళీ ఆటో వెళుతూనే ఉంటుంది, ప్రతి 16 మిల్లీసెకన్లకూ ఒకసారి. ప్రతి ప్రయాణం తర్వాతా టైమర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాతి లెక్కంతా దీని మీదే ఉంది.

నిండకముందే, గడువు తీరకముందే ఆటో కదిలే సందర్భాలు మరో రెండున్నాయి. ఒకటి, ఈవెంట్ క్యారెక్టర్: ఫలానా అక్షరం వచ్చిందంటే ఇక ఆగొద్దని చిప్‌కు ముందే చెప్పిపెట్టొచ్చు. కొత్త లైను గుర్తును అలా పెడితే, వాక్యం ముగిసిన వెంటనే ప్యాకెట్ కదులుతుంది. రెండోది, సీటీఎస్, డీఎస్ఆర్ లాంటి మోడెమ్ లైన్లలో ఏదైనా మారడం.

16 గడువుకు 62 ఎలా వచ్చింది?

జవాబులు ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే, ఒక్కోటి చిప్‌లో సగటున 8 మిల్లీసెకన్లు ఆగాలి, గరిష్ఠంగా 16. పుస్తకంలో ఉండేది ఇంతవరకే. మన రోబో ప్రతిసారీ దాదాపు పూర్తి గడువు ఆగింది. ఎందుకు?

సున్నా దగ్గర మొదలుపెడదాం. ప్యాకెట్ లాప్‌టాప్‌కు చేరింది, టైమర్ మళ్లీ మొదలైంది. లాప్‌టాప్ వెంటనే తర్వాతి ప్రశ్న పంపింది. 3 మిల్లీసెకన్లయ్యేసరికి జవాబు చిప్‌లోకి వచ్చేసింది. 8 బైట్లే కాబట్టి సీట్లు నిండలేదు. 16 దాకా కూర్చుంది. గడువు తీరింది, ప్యాకెట్ వెళ్లింది, టైమర్ మళ్లీ మొదలైంది, లాప్‌టాప్ వెంటనే తర్వాతి ప్రశ్న పంపింది. ప్రశ్న మొదలయ్యే క్షణమూ టైమర్ మొదలయ్యే క్షణమూ ఒకటే కావడంతో రెండూ గొలుసు వేసుకున్నట్టు ముడిపడిపోయాయి. ఒక్కో చక్రానికి 16 మిల్లీసెకన్లు, సెకనుకు 62.5 చక్రాలు. అందుకే బాడ్ రేటు ఎనిమిదింతలు చేసినా ఏం మారలేదు. తీగ మీద మిగిల్చిన మిల్లీసెకను కూడా నిరీక్షణలోనే కలిసిపోయింది.

ఒక ప్యాకెట్‌లో డేటా బైట్లు 62, సెకనుకు చక్రాలు 62.5. ఈ రెండు అంకెలకూ సంబంధమేమీ లేదు, కాకతాళీయం. జవాబు పత్రాల్లో రెండింటినీ ముడిపెట్టి పేరాలు రాసినవాళ్లను చూశాను.

దీన్ని సూత్రంగా పెట్టుకుంటే పరీక్షలో పనికొస్తుంది. నిరీక్షణ తీసేస్తే ఒక చక్రానికి పట్టే సమయం మూల సమయం అనుకుందాం. అసలు చక్రం, మూల సమయానికి సమానమో పైదో అయిన టైమర్ గుణిజాల్లో అతి చిన్నదానికి సమానం. మూల సమయం 3 అయితే: టైమర్ 16కు చక్రం 16. టైమర్ 8కి 8, సెకనుకు 125. టైమర్ 4కు 4, సెకనుకు 250. టైమర్ 2కు? 2 దగ్గర ఖాళీ ఆటో వెళ్లిపోతుంది, జవాబు 3కు వచ్చి 4 దగ్గర ఎక్కుతుంది. మళ్లీ 250. అంటే 4 నుంచి 2కు తగ్గించి బావుకున్నదేమీ లేదు. టైమర్ 1కి చక్రం 3, సెకనుకు 333. ఇది స్థూలమైన లెక్క. ఆపరేటింగ్ సిస్టమ్ కుదుపులకూ యూఎస్‌బీ ఫ్రేములకూ ఒక మిల్లీసెకను అటూఇటూ అవుతుంది.

ఈ లెక్కను చేత్తో చూడాలంటే సెన్సరూ రోబో ఏమీ అక్కర్లేదు. కన్వర్టర్ టీఎక్స్, ఆర్ఎక్స్ పిన్నులను ఒక చిన్న తీగతో కలపండి. ఒక బైటు పంపి, అది తిరిగి వచ్చాకే తర్వాతిది పంపుతూ వెయ్యిసార్లు తిప్పండి. టైమర్ 16కు 16 సెకన్లు, 8కి 8 సెకన్లు పడుతుంది. పది నిమిషాల ప్రయోగం. రికార్డులో గ్రాఫ్‌తో సహా పెట్టొచ్చు.

38.75 కిలోబాడ్ గీత

రోబోది ప్రశ్న-జవాబు తరహా. బోర్డు ఎవరూ అడగకుండానే ధారగా పంపుతుంటే కథ వేరు. 62 బైట్లు 16 మిల్లీసెకన్లలోపే వచ్చేస్తే ఆటో ప్రతిసారీ నిండే వెళుతుంది, టైమర్ అవసరం రాదు. ఆ గీత ఎక్కడ? 62ను 0.016తో భాగిస్తే సెకనుకు 3,875 బైట్లు. పదితో గుణిస్తే 38,750 బాడ్. అంతకు పైన ధార ఆగకుండా వస్తుంటే టైమర్ గడువు తీరదు.

టైమర్ అడ్డు తొలగితే ఇక ఆలస్యమే ఉండదనుకుంటారు చాలామంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు, ఇక్కడ ఇంకొకరున్నారు. విండోస్‌లో ఎఫ్‌టీడీఐ డ్రైవర్ మామూలుగా ఒకేసారి 4,096 బైట్లు కావాలని హోస్ట్ కంట్రోలర్‌ను అడుగుతుంది. కంట్రోలర్ ఆ మొత్తం నిండేదాకానో, 64 కంటే తక్కువున్న పొట్టి ప్యాకెట్ వచ్చేదాకానో డేటాను తనదగ్గరే ఉంచుకుంటుంది. ప్రతి ప్యాకెట్ నిండుగా వస్తుంటే పొట్టిది రాదు. 64 ప్యాకెట్లు పోగవ్వాలి. డేటా బైట్లు 3,968. 1,15,200 బాడ్ దగ్గర అవి రావడానికి 0.34 సెకను. సరిగ్గా గీత దగ్గర అయితే ఒక సెకను పైమాటే. త్రూపుట్ చెక్కుచెదరదు, ఒక్క బైటూ పోదు. కానీ గ్రాఫ్ గంతులేస్తుంది. డేటా నున్నగా రావాల్సిన చోట మూడోవంతు సెకనుకోసారి ముద్దలు ముద్దలుగా వచ్చి పడుతుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. టైమర్ తగ్గిస్తే గీత పైకి జరుగుతుంది: 1 మిల్లీసెకనుకు అది 6,20,000 బాడ్. అప్పుడు 1,15,200 ధారలో కూడా ప్రతి మిల్లీసెకనుకూ 11 బైట్ల పొట్టి ప్యాకెట్ వెళుతుంది. లేదా డ్రైవర్ అడిగే 4,096ను తగ్గించాలి. లినక్స్ డ్రైవర్ ఒకసారికి 512 బైట్లే అడుగుతుంది కాబట్టి అక్కడ ఈ ముద్ద చిన్నది, 1,15,200 దగ్గర 43 మిల్లీసెకన్లు.

హై స్పీడ్ చిప్ అయితే 62 స్థానంలో 510 వేసుకోండి. గీత 3,18,750 బాడ్ అవుతుంది.

విశాఖలో ఎక్కడ లెక్క, ఎక్కడ లెక్కలోకి రాదు

గాజువాక వైపు లారీల కాటా, అదే వేబ్రిడ్జి దగ్గర నిలబడి చూడండి. కాటా కింద లోడ్ సెల్స్, గదిలో ఎర్రంకెల ఇండికేటర్, దాన్నుంచి సీరియల్ తీగ కంప్యూటర్‌కు. లారీ ఎక్కాక అంకె ఊగి ఊగి నిలబడడానికే సెకన్లు పడుతుంది. అక్కడ 16 మిల్లీసెకన్ల గురించి ఆలోచించేవాడు పనిలేనివాడు. కాటా సాఫ్ట్‌వేర్ నెమ్మదిగా ఉంటే తప్పు ఇంకెక్కడో ఉంది.

పోర్టు వైపు వస్తే ఓడల ఏఐఎస్ రిసీవర్లు. సముద్రంలో ఏ ఓడ ఎక్కడుందో చెప్పే ఈ వాక్యాలు ఎన్‌ఎంఈఏ 0183 పద్ధతిలో 38,400 బాడ్ దగ్గర వస్తాయి. మన గీతకు వెంట్రుకవాసి కింద. 16 మిల్లీసెకన్లలో 61 బైట్లు పూర్తవుతాయి, 62వది దారిలో ఉంటుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు ఇంతకంటే మంచి అంకె దొరకదు. ఆచరణలో? 20 నాట్ల వేగంతో వెళ్లే ఓడ 16 మిల్లీసెకన్లలో 16 సెంటీమీటర్లు కదులుతుంది. ఓడ పొడవు వందల మీటర్లలో. టైమర్‌ను అలాగే వదిలేయండి.

ఫ్యాక్టరీల్లో కరెంటు మీటర్లు, డ్రైవ్‌లు మాట్లాడుకునే మోడ్‌బస్ ఆర్‌టీయూ దగ్గర విషయం కొంచెం చిక్కు. 1979లో మోడికాన్ తెచ్చిన మోడ్‌బస్‌కు చెందిన ఈ పద్ధతిలో ఒక సందేశం ముగిసిందని తెలిపేది నిశ్శబ్దం, కనీసం మూడున్నర అక్షరాల సమయం. 9,600 దగ్గర, అక్షరానికి 11 బిట్లు వేసుకుంటే, సుమారు 4 మిల్లీసెకన్లు. కానీ చిప్ 16 మిల్లీసెకన్లకోసారి మూటగట్టి పంపితే మూటలోపలి నిశ్శబ్దాలు లాప్‌టాప్‌కు వినిపించవు. మూటల మధ్య లేని నిశ్శబ్దాలు వినిపిస్తాయి. అందుకే కంప్యూటర్ వైపు ప్రోగ్రామ్ నిశ్శబ్దాన్ని నమ్ముకోకూడదు. రావాల్సిన బైట్ల సంఖ్య లెక్కపెట్టుకుని, చివర సీఆర్‌సీ సరిచూసుకోవాలి. వేచిచూసే గడువును టైమర్ కంటే ఎక్కువ పెట్టుకోవాలి. టైమర్ తగ్గిస్తే వేగం కొంత పెరుగుతుంది. 30 మీటర్లను వరసగా చదివితే మహా అయితే అర సెకను మిగులుతుంది. నిమిషానికోసారి రీడింగ్ తీసుకునేచోట ఆ అర సెకనుతో ఏం చేసుకుంటారో నాకు తెలియదు.

నిజంగా ప్రాణం మీదికి వచ్చేది రోబో చేతులూ మోటార్ల దగ్గరే. డైనమిక్సెల్ సర్వో మోటార్లు తయారుచేసే కొరియా కంపెనీ రోబోటిస్ కూడా తన వాడకందార్లకు లేటెన్సీని 1కి తగ్గించుకోమనే చెబుతుంది. కారణం మన రెండు చక్రాల బండిదే: ఒక్కో మోటారునూ అడగాలి, జవాబు వినాలి, మళ్లీ అడగాలి.

మార్చడం ఎలా?

విండోస్‌లో డివైజ్ మేనేజర్ తెరిచి, పోర్టుల కింద మన కామ్ పోర్టు ప్రాపర్టీస్‌లోకి, అక్కణ్నుంచి పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్. లేటెన్సీ టైమర్ అన్న పెట్టెలో 16 కనిపిస్తుంది. ఆ పక్కనే ఒకసారికి అడిగే బైట్ల సంఖ్య 4,096 కూడా ఉంటుంది.

లినక్స్‌లో అది ఒక మామూలు ఫైలు. సిస్ డైరెక్టరీ కింద బస్, దాని కింద యూఎస్‌బీ-సీరియల్, డివైజెస్, ఆ లోపల టీటీవైయూఎస్‌బీ0, అందులో లేటెన్సీ టైమర్ అన్న పేరుతో ఉంటుంది. చదివితే 16 అని వస్తుంది. రాయడానికి రూట్ హక్కు కావాలి. సెట్‌సీరియల్ ఆదేశంతో లో లేటెన్సీ జెండా ఎత్తినా ఎఫ్‌టీడీఐ డ్రైవర్ టైమర్‌ను 1 చేస్తుంది. పీకి మళ్లీ పెడితే మార్పు పోతుంది. శాశ్వతంగా ఉండాలంటే యూడెవ్ నియమం ఒకటి రాసిపెట్టాలి.

మా పిల్లలు టైమర్‌ను 1 చేసిన రోజు కౌంటరు 300 దాటింది, ఆ వెంటనే రోబో పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగింది. కారణం వాళ్ల కోడ్‌లో ఉంది. ఇన్నాళ్లూ 16 మిల్లీసెకన్ల మూటలో 8 బైట్ల జవాబు ఒకేసారి వచ్చేది కాబట్టి, ఒక్కసారి చదివితే పూర్తి జవాబు దొరుకుతుందని రాసుకున్నారు. 8 బైట్లు తీగ మీద రావడానికి 0.7 మిల్లీసెకను. టైమర్ 1 అయ్యేసరికి గడువు ఆ మధ్యలో తీరడం మొదలైంది. ఒకసారి 3 బైట్లు, తర్వాత 5. మూడు బైట్లనే వంపు అనుకుని మోటార్లను తిప్పింది ప్రోగ్రామ్. బైట్లను పోగుచేసుకుని 8 అయ్యాకే లెక్కలోకి తీసుకునేలా మార్చాక రోబో నిలబడింది.

సెమిస్టర్ చివర వైవా రోజు ప్రొజెక్టర్‌కు కలపడానికి డిపార్ట్‌మెంట్ లాప్‌టాప్ వాడారు. కౌంటరు మళ్లీ 62. ఆ అంకె రోబోలో లేదు, కేబుల్‌లో లేదు. విండోస్ దాన్ని ఆ లాప్‌టాప్‌లో, ఆ కన్వర్టర్ పేరు కింద రాసుకుంటుంది. లాప్‌టాప్ మారినా కన్వర్టర్ మారినా మొదటికే వస్తుంది.

తగ్గిస్తే నష్టమేమిటి?

టైమర్ 16కు ఖాళీగా ఉన్న పోర్టు కూడా సెకనుకు 62 ప్యాకెట్లు పంపుతుంది. 1కి వెయ్యి. ప్రతిదానికీ డ్రైవర్ లేచి, 2 స్టేటస్ బైట్లు చూసి, మళ్లీ పడుకోవాలి. లాప్‌టాప్‌కు ఇది చీమకుట్టినంత కూడా కాదు. ఒక చిన్న రాస్ప్‌బెరీ పై బోర్డుకు హబ్ ద్వారా ఎనిమిది కన్వర్టర్లు తగిలించినప్పుడు తెలిసొస్తుంది.

అన్ని చిప్‌లలో ఈ మీట ఉండదు

ఆర్డుయినో డ్యూమిలనోవ్ బోర్డు మీద ఎఫ్‌టీడీఐ చిప్ ఉండేది. ఊనో ఆర్3కి వచ్చేసరికి ఏటీమెగా16యూ2 చేరింది. చవక బోర్డుల మీద సీహెచ్340, ఈఎస్‌పీ32 బోర్డుల మీద తరచుగా సీపీ2102, పాత కేబుళ్లలో పీఎల్2303. వీటి డ్రైవర్లలో వాడకందారు మార్చుకునే లేటెన్సీ టైమర్ పెట్టె లేదు. అలాంటప్పుడు పలకరింపు తీరు మార్చుకోవాలి. నాలుగుసార్లు అడిగే నాలుగు ప్రశ్నలను ఒకేసారి అడగాలి. లేదా బోర్డు అడగకుండానే పంపేలా రాసుకోవాలి.

పరీక్షలో అడిగే తీరు

1. బాడ్ రేటు 19,200, 8ఎన్1, టైమర్ 16. ధారగా వస్తుంటే ఒక గడువులో ఎన్ని బైట్లు?
జవాబు: సెకనుకు 1,920. 0.016తో గుణిస్తే 30.72. అంటే ప్యాకెట్‌కు 30 లేదా 31 డేటా బైట్లు, వాటికి ముందు 2 స్టేటస్ బైట్లు.

2. మూల సమయం 5 మిల్లీసెకన్లు. టైమర్ 16, 8, 4, 2, 1 అయితే సెకనుకు ఎన్ని చక్రాలు?
జవాబు: చక్రాలు వరసగా 16, 8, 8, 6, 5 మిల్లీసెకన్లు. సెకనుకు 62.5, 125, 125, 167, 200. ఎనిమిదికీ నాలుగుకూ తేడా లేకపోవడం చూడండి. ప్రశ్న అడిగేది దానికోసమే.

3. టైమర్ 2 అయితే ధార గీత ఎక్కడ?
జవాబు: 62ను 0.002తో భాగిస్తే సెకనుకు 31,000 బైట్లు, 3,10,000 బాడ్.

4. లేటెన్సీ, జిట్టర్, త్రూపుట్‌లలో టైమర్ దేన్ని మారుస్తుంది?
జవాబు: మొదటి రెండింటినీ. ధారగా వచ్చే డేటా త్రూపుట్‌ను దాదాపు మార్చదు. ప్రశ్న-జవాబు తరహాలో మాత్రం సెకనుకు చక్రాలే తగ్గుతాయి కాబట్టి ఆ మేరకు త్రూపుట్ కూడా తగ్గుతుంది. “మారదు” అని ఒక్కమాటలో రాస్తే సగం మార్కులే.

5. ఇది ఏ ప్రశ్నపత్రంలోనూ లేదు. ఆ వైవా రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ టైమర్ గురించి పిల్లలు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. 62 ఎందుకొచ్చిందో వాళ్లు తీగ కలిపి చూపించారు కూడా. అంతా అయ్యాక ఎగ్జామినర్ బోర్డు మీది మైక్రోకంట్రోలర్‌ను పెన్నుతో తాకి, “నిలబెట్టే లెక్క ఇందులోనే చేసి ఉంటే ఈ తీగ అవసరం ఏముందమ్మా?” అని అడిగారు.
జవాబు: నలుగురూ నావైపు చూశారు. ఆ ప్రశ్న జూలైలో, ప్రాజెక్టు సంతకం పెట్టేటప్పుడు నేను అడగాల్సింది.